‘వంత పాడటం’ తిట్టు ఎలా అయింది?

మన గుంపులో మొన్నటి చర్చలో ఒకరు “మీరు ఆయనకి వంత పాడుతున్నారు” అన్నారు, ఇంకొకరు నొచ్చుకున్నారు. ఆ గొడవ సర్దుకుంది కాబట్టి దాన్ని వదిలేద్దాం. ఆ మాట గురించి మాత్రం చెప్పాలని ఉంది. మాది గుంటూరు. బుర్రకథ పితామహుడని పేరున్న షేక్ నాజర్‌ది మా జిల్లాలోని పొన్నెకల్లు. అందుకే బుర్రకథలోని ఈ మాట తిట్టుగా వినిపించినప్పుడల్లా ప్రాణం చివుక్కుమంటుంది.

పత్రికల్లో వంత పాడటం అంటే పెద్దవాడు ఏమన్నా అవునవునడం. అసలు అర్థం, ఒకరు పాడుతుంటే పక్కవాళ్లు అందుకుని పాడటం. అందులో పొగడ్తా లేదు, లొంగుబాటూ లేదు.

బుర్రకథలో ముగ్గురుంటారు. మధ్యలో కథకుడు. భుజాన తంబురా, వేళ్లకి అందెలనే లోహపు ఉంగరాలు, కాళ్లకి గజ్జెలు. ఇరుపక్కలా గుమ్మెటలనే మట్టి డోళ్లు వాయించేవాళ్లు వంతలు. అక్కడ ‘వంత’ అంటే మనిషే. ఒకరిది హాస్యం, ఇంకొకరిది రాజకీయం. కథకుడు చరణం పాడగానే ‘తందాన తాన’ అని అందుకునేది వాళ్లే, నిజమే. కానీ పాట ఆగి వచనం మొదలైతే కథకుణ్ణి నిలబెట్టి అడిగేది కూడా వాళ్లే. “ఆగాగు, అదెట్టా?” అంటాడు ఒకడు. పల్నాటి యుద్ధం మధ్యలో ఊరి రోడ్డునీ, బియ్యం ధరనీ, ఎన్నికలనీ లాక్కొచ్చేది రాజకీయ వంత. కింద కూర్చున్నవాళ్ల మనసులో ఏ అనుమానం వస్తుందో అది వాళ్ల తరఫున అడగాలి. అది తెలియనివాడు ఎంత బాగా పాడినా మంచి వంత కాడు.

ఈ కళని ప్రభుత్వాలు ఎలా చూశాయో గుర్తు చేసుకోండి. జంగం కథ, తంబుర కథ అని పిలుచుకున్న దీన్ని 1940లలో వామపక్ష కళాకారుల సంస్థ ప్రజానాట్యమండలి సభల్లోకి తెచ్చింది. నాజర్ దళం అల్లూరి సీతారామరాజు కథని ఊరూరా వినిపించింది. మద్రాసులో బ్రిటిష్ ప్రభుత్వమూ హైదరాబాదులో నిజాం ప్రభుత్వమూ బుర్రకథని నిషేధించాయి. వంతలు అవునవునడానికే ఉంటే ఆ ప్రభుత్వాలు అంత భయపడేవా? అదే నాజర్‌కి తర్వాత 1986లో ప్రభుత్వమే పద్మశ్రీ ఇచ్చింది.

ఇంకో సంగతి. జనం పాటల నుంచి తిట్లలోకి వెళ్లిన మాట ఇదొక్కటే కాదు. భజన చేస్తున్నాడు, డప్పు కొడుతున్నాడు, చిడతలు వాయిస్తున్నాడు, హరికథలు చెప్పకు, సన్నాయి నొక్కులు ఆపు. కచేరీ సంగీతం మాటలకి ఈ గతి ఇంతగా పట్టలేదు. శ్రుతి మించడం, అపస్వరం ఉన్నాయి, ఒప్పుకుంటాను. కానీ అక్కడ తప్పు శ్రుతి దాటినవాడిది. డప్పు దగ్గరికి వచ్చేసరికి వాద్యమే తప్పయిపోయింది. ఎవరి కళని ఎవరు చిన్నచూపు చూశారో ఇందులో కనిపిస్తోంది.

తెనాలి నుంచి ఒక సభ్యుడు: మాస్టారూ, మరి ‘తానా అంటే తందానా’ సంగతేంటి? ఆ మాట జనంలోనే ఉంది కదా. వంతల్లో జనం చూసింది ఆ తలూపుడే అనుకోవాలి. పత్రికలని అనడం న్యాయం కాదండీ.

నా జవాబు: మంచి మాట అడిగారు. దూరంగా ఉన్నవాళ్ల చెవిన పడేది ఆ ‘తందాన’ ఒక్కటే. దగ్గర కూర్చుంటే దాని పని వేరని తెలుస్తుంది. కథకుడు పాడాలి, ఆడాలి, అభినయించాలి. వంతలు అందుకున్న ఆ కాసేపట్లోనే ఊపిరి తీసుకుంటాడు, తర్వాతి చరణం తలుచుకుంటాడు. తాళం జారకుండా గుమ్మెట కాస్తూ ఉంటుంది. అది ఆసరా, ఒప్పుకోలు కాదు.

విజయవాడ నుంచి ఒక సభ్యురాలు: అన్నయ్యగారూ, మా ఇళ్లలో ఈ మాటకి చెడ్డ అర్థమే లేదు. పెళ్లిలో మంగళహారతి ఎత్తుకున్నావిడ “వంత అందుకోండమ్మా” అంటే అందరం కలుస్తాం. నాట్లు వేసేటప్పుడు కూడా ఒకామె పాట ఎత్తుకుంటే వరసలో ఉన్నవాళ్లంతా అందుకుంటారు. పాట ఆగితే చెయ్యి ఆగుతుంది, అందుకే గట్టిగా వంత ఇచ్చే మనిషి పక్కన ఉండాలనుకుంటారు. ఇక్కడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది కదా, మా అమ్మ వాళ్లు బుర్రకథలు రేడియోలోనే ఎక్కువ విన్నారు. మనుషులు కనపడకపోయినా ఎవరిది హాస్యమో గొంతుని బట్టి చెప్పేసేవాళ్లు.

నా జవాబు: అమ్మా, నేను చెప్పాలనుకున్నది మీరే చెప్పారు. పొలంలో, పెళ్లిలో ఆ మాట ఇంకా మంచిమాటే. రాజకీయ వార్తల్లోకి వెళ్లాకే పాడైంది. తలాడించేవాణ్ణి అనాలంటే ‘తలాడించాడు’ అనే మాట ఉండనే ఉంది, జీ హుజూర్ ఉంది. మన గుంపులో అవి వాడుకుందాం.

పల్నాడు, బాపట్ల వైపు వాళ్లు ఒకటి చెప్పండి. హాస్యం చెప్పే వంతకీ రాజకీయం చెప్పే వంతకీ మీ ఊళ్లల్లో వేరే పేర్లున్నాయా? గుమ్మెటని డక్కీ అనేది ఎటువైపు?