బాక్స్‌ఎన్ వ్యాగన్ మోడల్ మీద మ్యాట్ స్ప్రే కొడితే తెల్లబడింది, కాపాడుకోవచ్చా?

పెరంబూర్_గూడ్స్:
నా దగ్గర హెచ్‌ఓ స్కేలు (1:87, అంటే అసలు బండిలో 87వ వంతు) బాక్స్‌ఎన్‌లు, అదే బొగ్గు మోసే పైకప్పు లేని గూడ్స్ వ్యాగన్ల మోడళ్లు, నాలుగున్నాయి. ఏళ్ల తరబడి బొగ్గు మోసిన బండిలా కనిపించాలని ఒకదానికి బర్న్‌ట్ అంబర్ (ముదురు గోధుమరంగు) ఆక్రిలిక్ నీళ్లగా కలిపి పూసి, ఆరాక మ్యాట్ వార్నిష్ స్ప్రే కొట్టాను, మొన్న వాన వెలిసిన సాయంత్రం బాల్కనీలోనే. పావుగంటకల్లా పిండి జల్లినట్టు అయిపోయింది. పైగా అది తుప్పులా లేదు, బండంతా చాక్లెట్‌లో ముంచినట్టుంది. మిగతా మూడూ ముట్టుకోవాలంటే టెన్షన్‌గా ఉంది.

అంబత్తూర్_లోకో:
అది చెమ్మ పని. లాకర్ రకం వార్నిష్ స్ప్రేలో ఉండే సాల్వెంట్ గబగబా ఆవిరైపోతూ పైభాగాన్ని చల్లబరుస్తుంది, గాలిలో తేమ అక్కడ చేరి పొరలో ఇరుక్కుపోతుంది. చెన్నైలో వానల నెలల్లో నేనైతే స్ప్రే జోలికే వెళ్లను. బాగా ఎండ కాసిన రోజు మధ్యాహ్నం పల్చగా ఇంకో కోటు కొట్టండి, చాలాసార్లు ఆ తెలుపు పోతుంది. ఆ వార్నిష్ మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తగిలినా ఇలాగే తెల్లబడుతుంది, జాగ్రత్త.

కొరుక్కుపేట_గేటు:
రంగు సంగతి నేను చెప్తానండి. మా గేటు పడినప్పుడల్లా బొగ్గు గూడ్స్ బండి వెళ్తుంటే చూస్తూ నిలబడతాను. తుప్పు ఒకే రకంగా ఉండదు. అతుకుల దగ్గరా, పెయింటు లేచిన చోటా మొదలై కిందికి చారలుగా జారుతుంది. మళ్లీ రాసిన నంబర్ల చుట్టూ కొంచెం శుభ్రంగా ఉంటుంది, అడుగుభాగం మాత్రం దుమ్ముతో లేత గోధుమరంగు. 1:87లో మీరు గీసే 1 మిల్లీమీటరు చార నిజం బండి మీద దాదాపు 9 సెంటీమీటర్లు, అందుకే మీది పూతలా కనిపిస్తోంది. సన్న కుంచెతో చుక్క పెట్టి, తడి కుంచెతో కిందికి లాగండి చాలు. జేగురు రంగు చాక్‌పేస్టల్‌ని గరుకు కాగితం మీద అరగదీసి ఆ పొడి అద్దండి, స్ప్రే పడితే సగం మాయమవుతుంది కాబట్టి కాస్త ఎక్కువే అద్దాలి. చక్రాల ముఖానికి రంగు వేయండి గానీ పట్టా మీద దొర్లే అంచుకి వద్దు, ట్రాకంతా మురికవుతుంది.

పెరంబూర్_గూడ్స్:
నిన్న ఎండలో రెండో కోటు కొట్టాను, తెలుపు పోయింది అన్నా! తలుపు మూల మాత్రం కొంచెం మిగిలింది, అక్కడ పొడి అద్దేశాను. రెండో వ్యాగన్‌కి చారలతోనే మొదలుపెట్టాను, ఒక పక్కకే రెండు గంటలు పట్టింది.