బరువు తగ్గడానికి డైటీషియనా, న్యూట్రిషనిస్టా? బరంపురం చుట్టుపక్కల వాళ్ళు చెప్పండి

బరంపురం_వాణి:
అందరికీ నమస్తే. నాకు 36, ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, బరువు 81 కిలోలు. రెండో కాన్పు తరవాత ఎక్కిన బరువు దిగట్లేదు. థైరాయిడ్ మాత్ర వాడుతున్నా. మొన్న టెస్టులో మూడు నెలల సగటు సుగరు (హెచ్‌బీఏ1సీ) 6.2 వచ్చింది, డాక్టరు గారు ఇప్పుడే మాత్ర వద్దు ముందు బరువు తగ్గమ్మా అన్నారు, ఎలా తగ్గాలో మాత్రం చెప్పలేదు. ఇద్దరి గురించి తెలిసింది. ఒకావిడ విశాఖలో పెద్ద ఆసుపత్రిలో డైటీషియన్, ట్రైన్లో పోయి రావాలి, రోజంతా పోతుంది. ఇంకొకావిడ మా వీధి చివరే, న్యూట్రిషనిస్ట్ అని బోర్డు, నెల ప్యాకేజీ, తిన్నదల్లా ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టాలంట. మా ఆయనేమో దండగ, యూట్యూబ్ చూసుకో అంటున్నారు. ఎవరి దగ్గరికి వెళ్ళమంటారు?

జయపురం_చిన్నా:
విశాఖే వెళ్ళండక్కా. పనిలో పని బీచ్ చూసి రావచ్చు.

పర్లాకిమిడి_మాస్టారు:
వాణమ్మా, బోర్డు సంగతి వదిలెయ్. ఆవిడ పేరు పక్కన ఆర్‌డీ ఉందా లేదా, అదొక్కటే అడుగు. ఆర్‌డీ అంటే రిజిస్టర్డ్ డైటీషియన్. ఇండియన్ డైటెటిక్ అసోసియేషన్ (ఐడీఏ) అని 1963 నుంచీ ఉంది. పోషకాహారంలో పీజీ చదివి, ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్ చేసి, వాళ్ళు పెట్టే పరీక్ష పాసైతే అప్పుడిస్తారు ఆ నంబరు. న్యూట్రిషనిస్ట్ బోర్డుకి మన దగ్గర అడ్డేముంది? ఆన్‌లైన్‌లో వారం కోర్సు చేసినవాడూ న్యూట్రిషనిస్టే, జిమ్ములో డంబెల్స్ సర్దే కుర్రాడూ న్యూట్రిషనిస్టే.

ఊరికే అనట్లేదు. మా తమ్ముడి భార్యకి సుగరు, గ్లిమిపిరైడ్ వేసుకునేది. ఇలాగే ఒక న్యూట్రిషన్ కోచ్ దొరికాడు, అన్నం బంద్, రొట్టె బంద్, పళ్ళు కూడా బంద్ అన్నాడు. నువ్వేం మాత్రలు వేసుకుంటున్నావమ్మా అని అడిగిన పాపాన పోలేదు. ఆ మాత్ర తిండి తిన్నా తినకపోయినా సుగరు దించుతూనే ఉంటుంది, అన్నం అంత తగ్గిస్తే డాక్టరుతో చెప్పి డోసు తగ్గించుకోవాలి, ఆ ముక్క వాడికి తెలీదు. ఒకరోజు పొద్దున్నే వంటింట్లో పడిపోయింది, చూస్తే సుగరు 48. డైటీషియన్ అయితే మొదట అడిగేదే మాత్రల చీటీ. ఇంక ఇందులో చర్చేముంది?

సిల్క్‌సిటీ_సుధ:
ఉంది మాస్టారూ చర్చ, మీ మరదలి గారి సంగతి వింటే బాధగానే ఉంది కానీ వాణికి సుగరు మాత్రలే లేవు కదా, రాసింది చదివారా అసలు?

నేను మీరు చెప్పిన డైటీషియన్ దగ్గరికే వెళ్ళా, పెద్ద ఊరు, పెద్ద ఆసుపత్రి, పేరెందుకులెండి. ఫీజు కట్టి, టోకెన్ తీసుకుని, మధ్యాహ్నం దాకా కూర్చుంటే లోపల పట్టుమని పది నిమిషాలు. ఇంగ్లీషులో అచ్చేసిన కాగితం ఒకటి ఇచ్చారు. పొద్దున్న ఓట్స్, పదింటికి యాపిలు, మధ్యాహ్నం రెండు పుల్కాలు, రాత్రికి సూపు. మాది ఉమ్మడి కుటుంబం, ఎండాకాలం వస్తే మధ్యాహ్నం ఇంటిల్లిపాదికీ పఖాళే, సాయంత్రం ముడీలో (మరమరాల్లో) మిక్చరు కలుపుకుని తింటాం. నా ఒక్కదానికీ విడిగా సూపు ఎవరు కాస్తారు? పఖాళ తింటామండీ అంటే ఏంటది అంది, చద్దన్నం అని చెప్తే నవ్వింది. ఆ నవ్వు చాలు నాకు, ఆ కాగితం ఏ సొరుగులో ఉందో కూడా తెలీదు.

తరవాత ఇక్కడే బరంపురంలో ఒకావిడ, న్యూట్రిషనిస్టే, ఎమ్మెస్సీ హోంసైన్స్. ఆవిడ మొదట అడిగింది నా బరువు కాదు, ఇంట్లో నెలకి ఎంత నూనె అవుతుంది, ఎంతమంది తింటారు అని. లెక్కేస్తే మనిషికి లీటరున్నర. అంటే రోజుకి 50 మిల్లీలీటర్లు, ఇంచుమించు 400 కేలరీలు నూనెలోనే పోతున్నాయంట! ఓట్సూ లేవు ఏమీ లేవు. నూనె సగానికి దించాం, మన అప్పడాలు వేయించడం మానేసి కాల్చుకుంటున్నాం, అన్నం కొలిచి పెట్టుకుని దాల్మా (కూరగాయల పప్పు) ఎక్కువ పోసుకుంటున్నా, అంతే. ఏడాది తిరక్కుండా 9 కిలోలు తగ్గా. ఒక్క డబ్బా కొనిపించలేదు.

రాయగడ_రాజు:
ఇంతకీ పఖాళ తినొచ్చా తినకూడదా?

పర్లాకిమిడి_మాస్టారు:
సుధ గారూ, ఆవిడకి ఆర్‌డీ ఉందా?

సిల్క్‌సిటీ_సుధ:
నేనడగలేదు మాస్టారూ. ఎమ్మెస్సీ పట్టా గోడకి ఫ్రేమ్ కట్టి ఉంది, నాకది చాలింది.

పర్లాకిమిడి_మాస్టారు:
పట్టా వేరు, ఆసుపత్రిలో రోగుల మధ్య చేసిన పని వేరు. నేను కెమిస్ట్రీ ఎమ్మెస్సీ, అలాగని నన్ను మందుల షాపు పెట్టమంటారా?

గుణుపురం_టు_డాలస్:
ఇక్కడ అమెరికాలో అయితే మాస్టారు చెప్పినట్టే స్ట్రిక్ట్‌గా ఉంటుంది, రిజిస్టర్డ్ డైటీషియన్ పరీక్ష రాయాలంటే 2024 జనవరి నుంచి మాస్టర్స్ డిగ్రీ తప్పనిసరి. న్యూట్రిషనిస్ట్ అనే పేరు మీద రూలు ఒక్కో స్టేట్‌లో ఒక్కోలా. కానీ ఇక్కడా అందర్నీ ఒకే గాటన కట్టలేం, సీఎన్ఎస్ (సర్టిఫైడ్ న్యూట్రిషన్ స్పెషలిస్ట్) అని ఒకటుంది, వాళ్ళకీ మాస్టర్స్ కావాలి, పైగా సీనియర్ల కింద 1000 గంటలు పని చెయ్యాలి. ఇండియాలో ఎలాగో తెలిసినవాళ్ళు చెప్పాలి.

కోరాపుట్_సిస్టర్:
నేను ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. ఇండియా సంగతి నేను చెప్తా. 2021లో అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం వచ్చింది, అందులో డైటీషియన్నీ న్యూట్రిషనిస్టునీ ఒకే గ్రూపులో, న్యూట్రిషన్ సైన్స్ ప్రొఫెషనల్స్ కింద రాశారు. ఐడీఏ ఇచ్చే ఆర్‌డీ మంచిదే మాస్టారూ, కాదనను, కానీ అది ప్రభుత్వ లైసెన్సు కాదు, వాళ్ళ సంఘం ఇచ్చేది. ఆర్‌డీ లేనంత మాత్రాన దొంగ అనకండి, మా దగ్గరే ఆర్‌డీ రాయని డైటీషియన్లు బ్రహ్మాండంగా పని చేస్తున్నారు.

సుధక్కా, మీకు పది నిమిషాలే ఇచ్చి, పైగా నవ్వడం తప్పే, కానీ ఆసుపత్రి డైటీషియన్ పని ఏంటో కూడా చూడండి. డయాలసిస్ పేషెంటుకి పొటాషియం లెక్క, ఐసీయూలో ముక్కు గొట్టంలో పోసే తిండి, కాలిన గాయాలవాళ్ళు, వార్డు వార్డుకీ డైట్ షీటు. మధ్యలో ఓపీలో బరువు తగ్గే వాళ్ళొస్తారు. అక్కడ మీ ఇంటి నూనె డబ్బా గురించి అడిగే తీరిక ఎక్కడిది.

రాయగడ_రాజు:
పఖాళ గురించి ఎవరూ చెప్పట్లేదు. మా డాక్టరు మానెయ్యమన్నాడు, మా నాయన 80 ఏళ్ళు అదే తిని బతికాడు.

పర్లాకిమిడి_మాస్టారు:
మీ నాయన పొలం దున్నాడు రాజుబాబూ, నువ్వు స్కూటీ మీద తిరుగుతున్నావు. వండిన అన్నం 100 గ్రాములు 130 కేలరీలు, నీళ్ళు పోసి రాత్రంతా పులియబెట్టినా ఆ బియ్యం ఎక్కడికీ పోదు. గిన్నెడు తింటావా, కంచెడు తింటావా, అదీ లెక్క. పక్కన వేయించిన బడి (వడియాలు), ఆలూ భర్తా, ఎండుచేప వేపుడు, వాటి నూనె కూడా కలుపుకో.

సిల్క్‌సిటీ_సుధ:
మా న్యూట్రిషనిస్ట్ కూడా ఇదే చెప్పింది, మానెయ్యక్కర్లేదు కొలత చూసుకో అని. మాస్టారు కూడా న్యూట్రిషనిస్టే అన్నమాట, ఆర్‌డీ లేకుండానే చెప్పేశారు!

జయపురం_చిన్నా:
హహహ మాస్టారు ఔట్

పర్లాకిమిడి_మాస్టారు:
నవ్వండి నవ్వండి. సుధ గారూ, మీకు 9 కిలోలు తగ్గింది కాబట్టి ఊరందరికీ అదే మందు అంటే ఎలా? ఆడవాళ్ళు కాస్త తీయగా మాట్లాడితే చాలు నమ్మేస్తారు, ఇలాంటి దుకాణాలన్నీ నడిచేది అందుకే.

సిల్క్‌సిటీ_సుధ:
ఆడవాళ్ళ దాకా వచ్చారు కాబట్టి ఇప్పుడు చెప్తా వినండి. ఆ ఆసుపత్రిలో ఆ చార్టు నా చేతికి ఇవ్వలేదు, మా ఆయన చేతికిచ్చి మీరు చూసుకోండి సార్ అన్నారు. ఆ రోజు నుంచీ మా ఇంట్లో నేను కంచం ముందు కూర్చుంటే చాలు, ఇది చార్టులో ఉందా, అది చార్టులో ఉందా. అత్తగారు, ఆడపడుచు, ఆఖరికి మా చిన్నాడు కూడా. వంట చేసేది నేను, అందరికీ వడ్డించేది నేను, నా ముద్ద లెక్కపెట్టేది వాళ్ళు. నాకు జ్వరం లేదు, సుగరు లేదు, బీపీ లేదు, లావుగా ఉన్నా అంతే, దానికి నన్ను పేషెంటుని చేసి కూర్చోబెట్టారు. రెండో ఆవిడ ఇంటికొచ్చి మా అత్తగారిని కూడా పక్కన కూర్చోబెట్టుకుని నూనె తగ్గితే మీ మోకాళ్ళకీ మంచిదే పిన్నీ అని మాట్లాడింది. తీయని మాటలకి పడిపోలేదు మాస్టారూ, నాతో మనిషిలా మాట్లాడింది. మీకా తేడా తెలీదు, ఎందుకంటే మీ కంచంలో తొంగి చూసేవాళ్ళు ఎవరూ ఉండరు.

బరంపురం_వాణి:
సుధక్కా 🙏 మా ఇల్లే చూసినట్టు చెప్పారు.

పర్లాకిమిడి_మాస్టారు:
నేను మాట్లాడేది అది కాదు. మా మరదలు పడిపోయిన రోజు ఆటోలో ఎక్కించుకుని పరిగెత్తింది నేను. ఆ కోచ్‌కి ఫోన్ చేస్తే ఎత్తలేదు, సాయంత్రానికి బ్లాక్ చేశాడు. నెల తిరక్కుండా పక్క ఊళ్ళో కొత్త బ్యాచ్. ఎవరికి చెప్పుకోవాలి చెప్పండి? డాక్టరు తప్పు చేస్తే మెడికల్ కౌన్సిల్ ఉంది. వీడి మీద ఎక్కడికెళ్ళాలి, ఏ ఆఫీసు? ఇంకో విషయం, మా మరదలు ఇప్పటికీ అతనిది తప్పు కాదనే అంటుంది, ఎంత ఓపిగ్గా మాట్లాడేవాడు బావగారూ అంటుంది. మీ న్యూట్రిషనిస్ట్ మంచిదే అయ్యుండొచ్చు సుధ గారూ. మంచిది కాకపోతే పట్టుకోవడానికి ఒక నంబరుండాలి, అందుకే ఆర్‌డీ ఆర్‌డీ అని అరుస్తున్నా.

సిల్క్‌సిటీ_సుధ:
ఆ మాట ముందే చెప్తే అయిపోయేది కదా. కానీ నంబరున్న వాళ్ళ దగ్గర నాకు జరిగినదానికి నేనెక్కడ కంప్లయింట్ ఇవ్వాలి? నవ్వారని, చార్టు మొగుడి చేతికిచ్చారని ఏ కౌన్సిల్ తీసుకుంటుంది?

పర్లాకిమిడి_మాస్టారు:
దానికీ దీనికీ పోలికేంటండీ, అది ప్రాణం పోయే విషయం.

సిల్క్‌సిటీ_సుధ:
మీకు పోలిక కనపడదనే అంటున్నా.

కోరాపుట్_సిస్టర్:
ఇద్దరూ ఆగండి, అడిగిన చెల్లి సంగతి చూద్దాం. వాణీ, నీ ఎత్తుకి 81 అంటే బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు లెక్క) దగ్గర దగ్గర 33. మనవాళ్ళకి 23 దాటితేనే ఎక్కువ బరువు, 25 దాటితే ఊబకాయం లెక్క. 6.2 అంటే సుగరు గుమ్మం దాకా వచ్చింది, 6.5 అయితే లోపలికొచ్చినట్టు. కాబట్టి సుధక్క లాగా ఊరికే లావు అనుకోకు, రిపోర్టు చదవగలిగిన మనిషి కావాలి నీకు. భయపడక్కర్లేదు, 5 నుంచి 7 శాతం తగ్గినా సుగరుకి చాలా తేడా వస్తుంది, అంటే నీకు 4–6 కిలోలు. వారానికి అరకిలో దిగితే చాలు. మీ వీధి చివరావిడ రిపోర్టులు అడిగిందా? ప్యాకేజీలో ఏమేం ఉన్నాయి?

బరంపురం_వాణి:
రిపోర్టులు అడగలేదు సిస్టర్. బరువు, నడుము కొలిచి ఫోటో తీసింది. ప్యాకేజీలో డైట్ చార్టు, వాట్సాప్ గ్రూపు, ఇంకా రెండు డబ్బాల పౌడర్, పొద్దున్న టిఫిన్ బదులు అదే తాగాలంట. డబ్బాలు వద్దు చార్టు ఒక్కటే ఇవ్వండి అంటే అలా కుదరదంది. డబ్బాల మీద సోయా ప్రొటీన్ అని ఉంది.

సిల్క్‌సిటీ_సుధ:
అమ్మో వాణీ, డబ్బా తప్పనిసరి అంటే ఆ గుమ్మం ఎక్కకు. ఇది ముందే చెప్పుంటే నేనసలు ఇంత వాదించేదాన్నే కాదు, నేను చెప్పేది అలాంటివాళ్ళ గురించి కాదు.

పర్లాకిమిడి_మాస్టారు:
నేను మొదటి నుంచీ చెప్తోంది సరిగ్గా అలాంటివాళ్ళ గురించే. పైగా సోయా! థైరాయిడ్‌కి విషం.

కోరాపుట్_సిస్టర్:
విషం కాదు మాస్టారూ, అలా భయపెట్టకండి. సోయా థైరాయిడ్ మాత్రని ఒంటికి సరిగ్గా పట్టనివ్వదు, అంతే. మాత్ర పరగడుపున వేసుకుంటాం కదా, అరగంటకి టిఫిన్ బదులు ఈ సోయా పౌడర్ తాగితే మాత్ర సరిగ్గా పట్టదు, దూరం పెట్టి తీసుకోవాలి. ఐరన్, కాల్షియం మాత్రలైతే 4 గంటలు. ఇది ఆవిడ నీకు చెప్పలేదంటేనే అర్థమవుతోంది. హైదరాబాద్ ఎన్ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) వాళ్ళు 2024లో ఇచ్చిన సూచనల్లో కూడా ప్రొటీన్ పౌడర్లు వద్దనే ఉంది. మొత్తం కేలరీల్లో బియ్యం, గోధుమ, చోళ్ళు (రాగులు) లాంటివి అన్నీ కలిపి 45 శాతం దాటకూడదన్నారు. మనిళ్ళలో చూడు, మూడు పూటలా అవే.

విశాఖ ఆసుపత్రికి ఒకసారి ఫోన్ చేసి అడుగు, మొదటిసారి రిపోర్టులతో వెళ్తే తరవాత వీడియోలో చూస్తారేమో. చాలాచోట్ల చూస్తున్నారు.

రాయగడ_రాజు:
చోడి అంబలి అయితే ఎంతైనా తాగొచ్చా?

పర్లాకిమిడి_మాస్టారు:
ఎంతైనా అంటే ఏదీ కుదరదు. చోడిపిండి కూడా 100 గ్రాములకి 320 కేలరీలు.

బరంపురం_వాణి:
సుధక్కా, మీ న్యూట్రిషనిస్ట్ రిపోర్టులు చూస్తారా? డబ్బాలు లేకపోతే మా ఆయన్ని ఎలాగో ఒప్పిస్తా.

సిల్క్‌సిటీ_సుధ:
నావి చూసింది. థైరాయిడ్ ఉందని ముందే చెప్పు, నా చేతిలో లేని కేసు అనిపిస్తే ఆవిడే పంపించేస్తుంది, మా తోటికోడలికి కిడ్నీలో ప్రొటీన్ పోతోందంటే నేను చూడను ఆసుపత్రికెళ్ళమంది. నంబరు ఇన్‌బాక్స్‌లో పెడతా. ఆదివారం ఉండరు.

పర్లాకిమిడి_మాస్టారు:
వెళ్తే వెళ్ళు. ఆర్‌డీ ఉందా అని మాత్రం అడుగమ్మా, అడిగితే తప్పేం లేదు. చీటీలు, రిపోర్టులు అన్నీ జిరాక్స్ తీసి ఒక సెట్టు ఆవిడకిచ్చి, ఇంకో సెట్టు మీ డాక్టరు గారికి చూపించు.

సిల్క్‌సిటీ_సుధ:
జిరాక్సులెందుకు మాస్టారూ, ఫోన్లో ఫోటో తీసి పంపితే చాలు.

పర్లాకిమిడి_మాస్టారు:
కాగితమే మేలు. ఫోన్ బ్లాక్ చేస్తారు.