ఏడో నెల, తుమ్మితే యూరిన్ లీక్ అవుతోంది.. కెగెల్స్ (యూరిన్ ఆపుకునే కింది కండరాల ఎక్సర్‌సైజ్) కరెక్ట్‌గా ఎలా చెయ్యాలి?

ప్రశ్న:
అక్కలూ, నాకిది మొదటి కాన్పు, ఏడో నెల. తుమ్మినా గట్టిగా నవ్వినా కొంచెం యూరిన్ పడిపోతోంది, ఫంక్షన్లకి వెళ్లాలంటే భయమేస్తోంది. చెకప్‌లో అడిగితే కెగెల్స్ చెయ్యమ్మా అన్నారు గానీ ఎలాగో చెప్పలేదు. యూట్యూబ్‌లో ఒకరు యూరిన్ మధ్యలో ఆపి ప్రాక్టీస్ చెయ్యమంటారు, ఇంకొకరు వద్దే వద్దంటారు. మా అత్తయ్య ఏమో నీళ్లు తగ్గించు, కాన్పయ్యాక నడికట్టు కడితే అదే సర్దుకుంటుంది అంటున్నారు. సిజేరియన్ అయితే ఈ బాధ ఉండదా?

జవాబు 1:
నేను ఫిజియోథెరపిస్ట్‌నమ్మా. ముందు ఆ కండరం ఏదో నీకు తెలియాలి. నలుగురిలో ఉన్నప్పుడు గ్యాస్ రాకుండా ఎలా ఆపుకుంటాం, అలా వెనక బిగించి, దాంతోపాటే యూరిన్ ఆపుకున్నట్టు ముందు కూడా బిగించి పైకి లాగాలి. తొడలు, పిరుదులు బిగుసుకోకూడదు, ఊపిరి బిగపట్టకూడదు. మొదట్లో మూడు నాలుగు సెకన్లు పట్టి ఉంచు, తర్వాత మళ్లీ అంతే సేపు వదిలెయ్, మెల్లిగా 10 సెకన్ల దాకా పెంచుకో. ఇలా బిగించి వదలడం ఒక్కో విడతకి 8, రోజుకి 3 విడతలు. కనీసం 3 నెలలు చేస్తేనే తేడా తెలుస్తుంది కాబట్టి వారానికే మానెయ్యకు. యూరిన్ మధ్యలో ఆపడం ఎక్సర్‌సైజ్‌గా వద్దు, బ్లాడర్ పూర్తిగా ఖాళీ అవ్వక ఇన్ఫెక్షన్ వచ్చే ఛాన్స్ ఉంటుంది, బాత్రూంకి వెళ్లొచ్చాకే చెయ్యి. ఈ నెలల్లో వెల్లకిలా కాకుండా కుర్చీలోనో పక్కకి తిరిగి పడుకునో చెయ్యి. ఇంకోటి, తుమ్ము వస్తోందనిపించగానే ముందే బిగించి అప్పుడు తుమ్ము, అది అలవాటైతే చాలా హెల్ప్ అవుతుంది.

జవాబు 2:
ఇద్దరు పిల్లల తల్లిగా చెప్తున్నా, నీళ్లు మాత్రం తగ్గించకు తల్లీ. యూరిన్ చిక్కబడి మంట మొదలవుతుంది, మలబద్ధకం వస్తుంది, ముక్కే కొద్దీ కింద కండరాలు ఇంకా వదులవుతాయి. నడికట్టు పొట్టకి నడుముకి సపోర్ట్ ఇస్తుందేమో గానీ కింది కండరానికి బలం ఇవ్వదు. సిజేరియన్‌లో రిస్క్ కొంత తక్కువే, కానీ తొమ్మిది నెలల బరువు ఎటూ మోసేదే కాబట్టి అసలు రాదని లేదు, దీని కోసం ఆపరేషన్ అడక్కు. నేను కాన్పయ్యాక బాబుకి పాలిచ్చే ప్రతిసారీ కూర్చునే చేసేదాన్ని, వేరే టైం ఎక్కడిది!

జవాబు 3:
ఒక్కటి గుర్తుపెట్టుకోండి, తుమ్ముతో సంబంధం లేకుండా నీళ్లలా కారుతూనే ఉంటే అది ఉమ్మనీరు కావచ్చు, వెంటనే హాస్పిటల్‌కి వెళ్లాలి. మంట, జ్వరం ఉన్నా ఆగకండి.

ప్రశ్న అడిగినవారు:
థాంక్యూ అక్కా, ఇప్పుడే కుర్చీలో కూర్చుని చేసి చూశా. బిగించడం తెలుస్తోంది గానీ వదిలినట్టు తెలియట్లేదు, అలాగే కంటిన్యూ చెయ్యనా?

జవాబు 1:
వద్దమ్మా, సంఖ్య తగ్గించు. ఊపిరి మెల్లిగా వదులుతూ కండరం పూర్తిగా జారనివ్వు, అది తెలిశాకే రెండోది మొదలుపెట్టు. అప్పటికీ తెలియకపోతే ఆడవాళ్ల సమస్యలు చూసే పెల్విక్ ఫ్లోర్ (ఈ కింది కండరాల) ఫిజియోకి ఒకసారి చూపించుకో.