‘అమృతం’లో పిల్లలకు ముందు ఏ ఎపిసోడ్లు చూపించాలి?

మా అక్క పిల్లలిద్దరూ సెలవులకు డాలస్ నుంచి వస్తున్నారు. తెలుగు బాగానే అర్థమవుతుంది గానీ వేగంగా మాట్లాడితే అందుకోలేరు. వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని ‘అమృతం’ చూడాలని మా అమ్మకీ నాకూ ఒకటే ఆశ. 2001లో జెమినీలో మొదలై 300 పైచిలుకు ఎపిసోడ్లు వచ్చిన సీరియల్ అది, అందులోంచి ఓ పది ఏరడం నావల్ల కావట్లేదు. అక్కడొకటి ఇక్కడొకటి పెడదామంటే అమృతరావుగా శివాజీరాజా, నరేష్, హర్షవర్ధన్ ఇలా మనుషులు మారుతుంటారు కదా, పిల్లలు తికమకపడరూ? ఒక్కరున్నవే చూపిస్తే మంచిదా?

గుండు హనుమంతరావు గారి ఆంజనేయులు మాత్రం నిండుగా కనిపించాలి, ఆయన లేని అమృతం నాకు ఊహకే అందదు. ఇంటి ఓనరు అప్పాజీ ఎదురుపడగానే అమృతరావు, ఆంజనేయులు ఇద్దరి ముఖాలూ మారిపోవడం, వాళ్ల హోటల్లో పనిచేసే సర్వం అమాయకంగా ఏదో అనేసి ఉన్న గొడవను ఇంకాస్త పెంచడం, అలాంటివి ఎక్కువున్నవి కావాలి. మాటల విరుపుల కన్నా చేష్టలతో నవ్వించేవి అయితే పిల్లలకు తొందరగా ఎక్కుతాయి. యూట్యూబ్‌లో వెతుక్కుంటాను, పేర్లు చెబితే చాలు. కథ రెండు భాగాలుగా సాగితే ఆ మాట కూడా రాయండి, సగంలో ఆపితే పిల్లలు ఊరుకోరు.