పంపింగ్ 30 ఉన్నవాళ్లకి బైపాస్‌కి ముందు న్యూక్లియర్ స్కాన్ తప్పనిసరా?

స్టెతస్కోప్:
గుండెకి రక్తం అందించే మూడు రక్తనాళాల్లోనూ బ్లాకులు, పంపింగ్ (కొట్టుకున్న ప్రతిసారీ గుండె బయటికి తోసే రక్తం వాటా) 30 శాతం. ఇలాంటివాళ్లని బైపాస్‌కి ముందు "కండరం బతికుందో లేదో చూసి రండి" అని స్కాన్‌కి పంపడం ఆనవాయితీ అయిపోయింది. ఆ రిపోర్టు చూసి ఆపరేషన్ ఆపేయడం తప్పంటాను. గుండె బలహీనపడినవాళ్లలో బైపాస్‌ని ఒట్టి మందులతో పోల్చిన స్టిచ్ ట్రయల్‌లో 601 మందికి ఈ పరీక్ష చేశారు. కండరం బతికున్నవాళ్లకే బైపాస్ బాగా పనికొస్తుందని తేలాలి కదా? 2011లో తేలలేదు, పదేళ్ల ఫలితాల్లోనూ తేలలేదు. మొత్తం ట్రయల్ చూస్తే మాత్రం పదేళ్లలో మందుల వర్గంలో 66 శాతం మంది చనిపోయారు, బైపాస్ వర్గంలో 59 శాతం.

గామా కెమెరా:
ఆ 601లో కండరం బతికి లేదని తేలినవాళ్లు 114 మందే అండీ. అంత చిన్న గుంపుతో తేల్చేస్తారా? పైగా ఎవరికి పరీక్ష చేయాలో లాటరీ తీయలేదు, డాక్టర్ల ఇష్టానికి వదిలేశారు. వాడినవి స్పెక్ట్ (ఒక రకం న్యూక్లియర్ స్కాన్), డోబుటమైన్ ఎకో (మందు ఇచ్చి గుండె కదలిక చూసే ఎకో). పెట్ (మరో రకం న్యూక్లియర్ స్కాన్) లేనే లేదు.

పెట్ బొమ్మ పక్కన కూర్చుని చూస్తే తెలుస్తుంది. రక్తం ఎక్కడికి అందుతోందో చూపే అమోనియా బొమ్మలో గుండె కొన, ముందు గోడ వెలవెలబోయి ఉంటాయి. అదే చోటు ఎఫ్‌డీజీ (గ్లూకోజ్‌లాంటి మందు) బొమ్మలో ధగధగలాడుతుంది. రక్తం చాలక, కొవ్వు ఆమ్లాలు వదిలి గ్లూకోజ్‌తో నెట్టుకొస్తున్న కండరం అది. రెండు బొమ్మల్లోనూ ఖాళీగా ఉంటే మచ్చ, అంటే చచ్చిపోయిన కండరం.

స్టెతస్కోప్:
పెట్‌కీ పరీక్ష జరిగింది కదండీ! 2007 నాటి పార్-2 ట్రయల్, 430 మంది; పెట్ చూసి చికిత్స నిర్ణయించడాన్ని మామూలు పద్ధతితో పోల్చారు. అసలు ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

గామా కెమెరా:
పెట్ చెప్పిన సలహాని నాలుగో వంతు మంది విషయంలో పాటించనే లేదు. పాటించినవాళ్లు మెరుగ్గా ఉన్నారు.

మూడో గొంతు:
పాటించినవాళ్లని విడిగా తీసి చూస్తే ఏ పరీక్షైనా మెరుగ్గానే కనిపిస్తుంది, ఆ లెక్క నాకు రుచించదు. 2022లో వచ్చిన రివైవ్డ్ ట్రయల్ సంగతేమిటి? కండరం బతికుందని చూసుకునే 700 మందిని తీసుకున్నారు. మరణాల్లో, హార్ట్ ఫెయిల్యూర్ అడ్మిషన్లలో స్టెంట్లకీ మందులకీ తేడా లేదు. మచ్చ ఎంత ఉందన్నది మాత్రం ముందుముందు ఏమవుతుందో బాగానే చెప్పింది.

గామా కెమెరా:
అది స్టెంట్ల కథ, బైపాస్ కథ కాదు. మచ్చ సంగతి ఒప్పుకుంటాను.

పెద్దబ్బాయి:
మధ్యలో వచ్చానని ఏమీ అనుకోకండి. నాన్నగారికి షుగర్ ఉంది. పెట్‌లో కండరం బతికి లేదని రాశారు, సర్జన్ వెనకాడుతున్నారు. ఒకటే టెన్షన్‌గా ఉంది.

గామా కెమెరా:
రిపోర్టు ఒక్కటే నమ్మకండి, బొమ్మల సీడీ తీసుకోండి. స్కాన్ రోజు షుగర్ రీడింగులు, ఇన్సులిన్ ఎప్పుడు ఇచ్చారో రాసిన కాగితం కూడా అడగండి. షుగర్ అదుపు చేయకుండా ఎఫ్‌డీజీ ఇస్తే బతికున్న కండరం కూడా దాన్ని సరిగా తీసుకోదు. ఎఫ్‌డీజీ గుండె గోడల్లోకి వెళ్లకుండా గుండె గదుల్లోని రక్తంలోనే వెలుగుతుంటే ఆ స్కాన్ చెల్లదు, మళ్లీ చేయించాల్సిందే.

స్టెతస్కోప్:
చేయించండి బాబూ. కానీ అది వచ్చేదాకా సర్జన్ అపాయింట్‌మెంట్ మాత్రం వదులుకోకండి.