‘సౌధంబు దాపల’: ఎడమా, దగ్గరా?

పాతప్రింటరు: రెండు కంప్యూటర్లకీ ఒకే ప్రింటరు కలపాలని కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ (మిషను నెట్‌వర్కు అడ్రసు చూపే ఆదేశం) కొట్టాను. తెరనిండా అడ్రసులే. వైఫై కింద ఐపీవీ4 వరసలో 192.168.1.7 కనిపించింది. అడ్రసులో నెట్‌వర్కు భాగమేదో చెప్పే సబ్‌నెట్ మాస్కు 255.255.255.0 కనక ఎడమనుంచి మూడు సంఖ్యలూ ఇల్లు, చివరిది మన మిషను అన్నాడు మావాడు. ఉత్తరం మీద పేరు ముందు, ఊరు చివర. ఇది తిరగేసి ఉంది! నాకు తెలిసి అలా అడ్రసు చెప్పినాయన పోతనే, గజేంద్రమోక్షంలో: ‘అల వైకుంఠపురంబులో నగరిలో నా మూల సౌధంబు...’ అక్కడ ఆగిపోయాను. ‘దాపున’నా, ‘దాపల’నా?

మత్తేభం: దాపలే. ‘దా’ మొదటి పాదం చివర, ‘పల’ రెండో పాదం మొదట. నాలుగు పాదాల మొదళ్లూ చూడండి: అల, పల, త్పల, హ్వల. ‘దాపున’ అంటే ప్రాస పోయె. అర్థం మాత్రం దాపే, అంటే దగ్గర.

వలపటెద్దు: ప్రాస కోసం పోతన మాట సాగదీశాడంటారా? సాహసమే! కాడికి కుడివైపుది వలపటెద్దు, ఎడమవైపుది దాపటెద్దు. దాపల అంటే ఎడమ. మేడకి ఎడమ పక్క మందారవనం.

మత్తేభం: ఎవరికి ఎడమ గురువుగారూ? లోపలున్న స్వామికా, మడుగులో మొత్తుకుంటున్న ఏనుగుకా?

వలపటెద్దు: మేడ ముఖం ఎటుంటే దానికి. మీ ఇంటికి ఎడమ పక్క ఏముందని ఎవరూ అడగలేదా?

ద్రుతప్రకృతికం: ముందు ‘మూల’ సంగతి తేల్చండి. ‘నగరిలోన్ ఆ మూల సౌధంబు’. ఓ మూలనున్న మేడా, మూలసౌధమా? నా ఓటు రెండోదానికి. నగరి అంటే ఊరు కాదు, రాజభవనం. పురంలో నగరి, నగరిలో ప్రధానమైన మేడ. ఇంట్లో మిషన్లకి అడ్రసులు పంచే రౌటరు 192.168.1.1 కొలువుండేది అక్కడే!

అరసున్న: పోలిక చెల్లదండీ. 192.168 అన్నది 1996 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1918 అనే ఇంటర్నెట్ పత్రం సొంత నెట్‌వర్కులకి వదిలిన సంఖ్యల్లో ఒకటి. పక్కింట్లోనూ 192.168.1.7 ఉండొచ్చు. వైకుంఠం ఒక్కటే. పాతప్రింటరు గారూ, నా ఐపీ ఏదని గూగుల్‌ని అడిగితే వచ్చేది రౌటరు వీధివైపు అడ్రసు, అది ఇంట్లో పనికిరాదు. 127.0.0.1 అయితే మిషను తనతో తాను మాట్లాడుకోడానికి. 169.254తో మొదలైతే రౌటరు అసలు అడ్రసే ఇవ్వలేదని.

ఇవన్నీ సరేగానీ, ‘సిరికిం జెప్పఁడు’ ముందు ఈ పద్యం ఏపాటి? విష్ణువు ఆయుధం లేకుండా వచ్చి ఏం చేస్తాడని శ్రీనాథుడు వెక్కిరిస్తే, పోతన బావిలో రాయి పడేసి మీ అబ్బాయి పడ్డాడన్నాడట. తాడైనా పట్టుకోకుండా ఉరికాడట శ్రీనాథుడు. కట్టుకథే కావచ్చు, ఆ పద్యానికి అంతకన్నా మంచి వ్యాఖ్యానం నేను చదవలేదు. ప్రింటరూ అంతే, రౌటరు ఆపి పెడితే ఎవరికీ చెప్పకుండా అడ్రసు మార్చేసుకోగలదు. రౌటరులో డీహెచ్‌సీపీ రిజర్వేషను (ఈ మిషనుకి ఎప్పుడూ ఇదే అడ్రసు ఇవ్వమనడం) పెట్టి ఖాయం చేసుకోండి.

వలపటెద్దు: మాట మార్చకండి. ‘దగ్గర’ అర్థంలో దాపల ఉన్న పద్యం ఇంకొక్కటి చూపమనండి మత్తేభం గారిని. పోతనదే అక్కర్లేదు.

మత్తేభం: రాత్రికి వెతుకుతాను. ఈలోగా మీరూ ‘ఎడమ’కి ఒకటి చూపండి. ఎద్దులు కాకుండా.