ఐదో నెలలో ఇంట్లోనే డాప్లర్‌తో బిడ్డ గుండె చప్పుడు వినడం మంచిదేనా?

ప్రశ్న అడిగిన సభ్యురాలు:
నాకిది మొదటి కాన్పు, 20వ వారం నడుస్తోంది. టిఫా స్కాన్‌లో (బిడ్డ అవయవాల ఎదుగుదలను చూసే స్కాన్) అంతా సవ్యంగానే ఉందని చెప్పారు, మళ్ళీ పరీక్షకు నాలుగు వారాల తరువాత రమ్మన్నారు. కదలికలు ఇంకా స్పష్టంగా తెలియడం లేదు కాబట్టి, చేతిలో పట్టుకునే డాప్లర్ ఒకటి కొని రోజూ పడుకునే ముందు గుండె చప్పుడు వినాలనుకుంటున్నాను. మా వారు ధైర్యంగా ఉంటుందంటున్నారు, మా అక్క వద్దంటోంది. కారణాలతో సహా మీ అభిప్రాయం చెప్పగలరు.

ఇద్దరు పిల్లల తల్లి:
కొనుక్కోవడంలో తప్పు లేదండి. మొదటి మూడు నెలల్లో వికారం, నీరసం ఎంత బాధపెట్టినా లోపల బిడ్డ ఉందన్న గుర్తుగానైనా ఉంటాయి. ఐదో నెలకు అవి చాలామందిలో తగ్గిపోతాయి, కదలికలేమో ఇంకా తెలియవు. ఆ మధ్యకాలంలో, ముఖ్యంగా అంతకుముందు గర్భం పోగొట్టుకున్నవారికి, నాలుగు వారాలు ఎదురుచూడటం ఎంత కష్టమో అనుభవించినవారికే తెలుస్తుంది. డాక్టరుగారు వాడే పరికరాన్నే మనం రెండు నిమిషాలు వాడుకుంటే వచ్చే నష్టమేమిటి?

ప్రసూతి విభాగం నర్సు:
పరికరం అదే కావచ్చు కానీ, వినిపించేది ఏ చప్పుడో పోల్చుకోవడానికి శిక్షణ కావాలి. డాప్లర్‌కు బిడ్డ గుండె ఏదో తెలియదు. అది పంపే ధ్వని తరంగాలు కదులుతున్న దేనికి తగిలి వెనక్కి వచ్చినా, వాటిలోని మార్పును అది చప్పుడుగా వినిపిస్తుంది. అందువల్ల తల్లి రక్తనాళాల్లోని ప్రవాహం, మాయలోని ప్రవాహం కూడా గుండె కొట్టుకుంటున్నట్టే వినిపిస్తాయి. బిడ్డ గుండె నిమిషానికి సుమారు 110 నుంచి 160 సార్లు కొట్టుకుంటుంది. తల్లి నాడి మామూలుగా అంతకంటే తక్కువే అయినా, కంగారులో అదీ 110 దాటవచ్చు కాబట్టి తెరమీది అంకెను బట్టి కూడా తేల్చలేము.

20వ వారంలో బిడ్డ తల నుంచి మడమ దాకా సుమారు 25 సెంటీమీటర్లు, బరువు 300 గ్రాముల పైచిలుకు. ఉమ్మనీటిలో తిరగడానికి చోటు ధారాళంగా ఉంటుంది గనుక నిన్న దొరికిన చోట ఇవాళ చప్పుడు దొరకకపోవచ్చు. అర్ధరాత్రి అది దొరక్క ఏడుస్తూ ఆసుపత్రికి వచ్చేవారిని చూస్తూనే ఉంటాము, అయినా నన్ను ఎక్కువగా భయపెట్టేది వారు కాదు. నెలలు నిండేకొద్దీ బిడ్డకు ఇబ్బంది కలిగితే తరచుగా ముందు తగ్గేది కదలికలు, గుండె చప్పుడు ఆ తరువాత కూడా మామూలుగానే వినిపించవచ్చు. కదలిక తగ్గిందని గమనించిన తల్లి డాప్లర్ పెట్టుకుని, చప్పుడు విని, నిశ్చింతగా పడుకుంటే ఆసుపత్రికి రావలసిన సమయం దాటిపోతుంది. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ కూడా ఇంట్లో సొంతంగా ఈ పరికరాలు వాడవద్దని 2014లో సూచించింది.

ప్రశ్న అడిగిన సభ్యురాలు:
అయితే కదలికలు తెలియకపోవడం గురించి భయపడనక్కరలేదా? మాయ ముందువైపు ఉందని స్కాన్‌లో రాశారు.

ప్రసూతి విభాగం నర్సు:
ఆలస్యానికి అదే కారణం కావచ్చు. మాయ గర్భాశయం ముందు గోడకు అంటి ఉంటే చిన్న చిన్న తన్నులు పైకి అంతగా తెలియవు. పైగా తొలి కాన్పులో చాలామంది 20వ వారం దాటాకే వాటిని గుర్తుపడతారు, అంతవరకు గ్యాస్ అనుకుంటారు. 24 వారాలు నిండినా ఏమీ తెలియకపోతే మాత్రం తప్పక చూపించుకోండి. ఇప్పటినుంచే లెక్కలు రాసుకోవడం వృథా, కదలికలకు ఒక క్రమం ఏర్పడటానికి ఇంకా సమయం పడుతుంది.

ఇద్దరు పిల్లల తల్లి:
కదలిక తగ్గినప్పుడు డాప్లర్‌ను నమ్మకూడదన్న మాట ఒప్పుకుంటాను. కానీ ఆ హెచ్చరిక తెలిసినవారికి కూడా ఐదో నెలలో వద్దనడం, పెద్దవాళ్ళను చిన్నపిల్లల్లా చూడటమే. ఆందోళన కూడా ఆరోగ్య సమస్యే కదండీ.

ప్రసూతి విభాగం నర్సు:
ఆందోళన సంగతి నిజమే, దాన్ని కొట్టిపారేయను. అయితే ఐదో నెలలో అలవాటైన పరికరాన్ని ఎనిమిదో నెలలో ఎవరూ పక్కన పెట్టరు, నా అభ్యంతరం అక్కడే. మధ్యలో ఒకసారి గుండె చప్పుడు వినిపించమని మీ డాక్టరుగారినే అడగండి. ఐదు నిమిషాల పని, చాలాచోట్ల కాదనరు.

ప్రశ్న అడిగిన సభ్యురాలు:
22వ వారంలో ఒకసారి చూడగలరా అని రేపు ఫోన్ చేసి అడుగుతాను. కొనడం ప్రస్తుతానికి ఆపాను. మా వారు మాత్రం ఇంకా నర్సుగారి అభిప్రాయం వైపు రాలేదు.